పన్నెండేళ్ల వాడికి రోజూ నెట్సే, మ్యాచ్‌లు లేవు. ఏం చేయాలి?

నరసరావుపేట నాన్న | ఆదివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మా వాడికి పన్నెండు నిండి రెండు నెలలైంది. ఎనిమిదేళ్లప్పుడు వీధిలో టెన్నిస్ బాల్‌తో మొదలుపెట్టాడు. పద్నాలుగు నెలలుగా గుంటూరులో ఒక అకాడమీలో లెదర్ బాల్ క్రికెట్ ఆడుతున్నాడు. వారానికి మూడు నాలుగు రోజులు స్కూల్ వదలగానే బస్సెక్కించి నేనే తీసుకెళ్తాను. ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. అన్నం తింటూనే నిద్రపోతాడు.

వాడికి ఒక అలవాటుంది. పాత లాంగ్ నోట్‌బుక్‌లో ప్రాక్టీస్ వివరాలు రాసుకుంటాడు. తేదీ, నెట్‌లో (చుట్టూ వల కట్టి ప్రాక్టీస్ చేయించే చోట) ఎన్ని బంతులు ఆడాడు, ఎన్ని మిస్ అయ్యాడు, కోచ్ సార్ ఏమన్నారు, అన్నీ. నిన్న రాత్రి ఆ పుస్తకం తిరగేశాను. ఈ పద్నాలుగు నెలల్లో 190 రోజులు నెట్స్‌కి వెళ్లాడు. మ్యాచ్‌లు తొమ్మిది. వాడు ఎనిమిదో నంబర్‌లో దిగుతాడు కాబట్టి అందులో బ్యాటింగ్ వచ్చింది ఐదింటిలోనే. ఐదూ కలిపి 61 బంతులు. పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఇప్పుడు అకాడమీ వాళ్లు హైదరాబాద్ పంపమంటున్నారు. రోజంతా ప్రాక్టీస్, స్కూల్‌కి పేరుకి అడ్మిషన్, పరీక్షలకు మాత్రం వెళ్తే చాలట. "వైభవ్ సూర్యవంశీ పద్నాలుగేళ్లకే ఐపీఎల్‌లో 35 బంతుల్లో సెంచరీ కొట్టాడు, మీరింకా ఆలోచిస్తూ కూర్చుంటే టైం దాటిపోతుంది" అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఇంట్లో నాకూ మా ఆవిడకీ ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

మ్యాటింగ్ రోజులు | ఆదివారం, రాత్రి 11:03

అన్నా, ముందు ఆ స్కూల్ మాన్పించే ఆలోచన పక్కన పెట్టు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నేను సికింద్రాబాద్‌లో పెరిగాను. తొంభైల్లో లీగ్ ఆడాను, పెద్ద ఆటగాడినేం కాదు. జింఖానా గ్రౌండ్‌లో ఆదివారం పొద్దున ఒకే మైదానంలో నాలుగు మ్యాచ్‌లు నడిచేవి. మన ఫీల్డర్ పక్క మ్యాచ్ వాళ్ల మిడాన్ పక్కన నిలబడేవాడు. మాకు నెట్స్ తక్కువ, మ్యాచ్‌లు ఎక్కువ. కొబ్బరి పీచు మ్యాట్ భుజాన మోసుకొచ్చి, మేకులు కొట్టి, నీళ్లు చల్లి, పిచ్‌గా మేమే పరిచేవాళ్లం. స్కూల్ టోర్నమెంట్లు, కాలనీ టీములు, సెలవుల్లో క్యాంపులు అన్నీ కలిపి ఏడాదికి ముప్పై నలభై ఇన్నింగ్స్ దొరికేవి.

నెట్‌లో బౌల్డ్ అయితే వికెట్లు సరిచేసుకుని మళ్లీ స్టాన్స్ తీసుకుంటాం. మ్యాచ్‌లో రెండో బంతికి అవుటైతే ప్యాడ్లు విప్పి చెట్టు కింద కూర్చుని మిగతా ఇన్నింగ్స్ అంతా చూడాలి. ఆ బంతి ఎందుకు ఆడానని అక్కడ కూర్చున్నంతసేపూ లోపల నలుగుతూనే ఉంటుంది. ఆ నలుగుడు లేకపోతే వచ్చే మ్యాచ్‌కి ఏ పిల్లాడూ మారడు. మీవాడికి 190 రోజుల ప్రాక్టీస్‌లో అది ఐదుసార్లే దొరికింది.

వైజాగ్ నెట్స్ | సోమవారం, ఉదయం 6:20

నేను కోచ్‌ని. పదకొండేళ్లుగా పిల్లలకు నేర్పిస్తున్నాను. మా వైపు నుంచి కూడా చెప్పాలి కదా.

నెట్స్‌లో నాలుగు లేన్లు ఉంటే ఒక సాయంత్రానికి అరవై మంది పిల్లల్ని చూడగలం. మ్యాచ్ పెడితే గ్రౌండ్ మొత్తానికీ ఆడేది ఇరవై రెండు మందే. గ్రౌండ్ అద్దె, రెండు కొత్త బంతులు, ఇద్దరు అంపైర్లు, స్కోరర్, భోజనాలు కలిపితే నాకు ఒక రోజుకి పన్నెండు వేలకు తగ్గదు. ఇంజినీరింగ్ కాలేజీ గ్రౌండ్ దొరికితే కొంచెం తక్కువ. ఫీజు ఒక్క వంద పెంచితే పది మంది మానేస్తారు. అందుకే చాలా అకాడమీలు మ్యాచ్‌లు తగ్గించేసి నెట్స్‌తో నడిపేస్తున్నాయి. ఇది తప్పని నాకూ తెలుసు.

ఇంకో మాట. మ్యాచ్ అయిపోగానే నా చుట్టూ చేరేది పిల్లలు కాదు, తల్లిదండ్రులు. "మా వాడికి బౌలింగ్ ఎందుకివ్వలేదు, ఆ అబ్బాయిని ఓపెనింగ్ ఎందుకు పంపారు" అని. పోయినేడు ఒక నాన్నగారు కోపంతో కొడుకు కిట్ బ్యాగ్ అక్కడే వదిలేసి పిల్లాణ్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లిపోయారు. ఆ బాబు వెనక్కి తిరిగి బ్యాగ్ వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

మా ఊరి నితీశ్ కుమార్ రెడ్డి సంగతి అందరికీ తెలుసు. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో కొట్టిన టెస్ట్ సెంచరీ చూసి పిల్లలందరూ సిక్సర్లు ప్రాక్టీస్ చేస్తామంటున్నారు. ఆ అబ్బాయి 2017-18లో అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో ఒక్క సీజన్‌లో 1237 పరుగులు చేశాడు. నాగాలాండ్ మీద 441. అవి మూడు రోజుల మ్యాచ్‌లు. పొద్దున దిగినవాడు టీ బ్రేక్ దాకా క్రీజులో ఉండటం పద్నాలుగేళ్లకే అలవాటైంది. మెల్‌బోర్న్‌లో మనం చూసింది ఆ అలవాటునే అని నేను గట్టిగా నమ్ముతాను.

బెజవాడ బ్యాక్‌ఫుట్ | సోమవారం, మధ్యాహ్నం 1:45

నేను ఒప్పుకోను. పైకొచ్చిన వాళ్లందరి ఇళ్లల్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి వదులుకున్నారు. నితీశ్ నాన్నగారు ఉద్యోగం మానేశారు. గుంటూరు షేక్ రషీద్ వాళ్ల నాన్నగారు కూడా కొడుకు ప్రాక్టీస్ కోసం ఉద్యోగం పోగొట్టుకున్నారు, ఆ అబ్బాయి 2022 అండర్-19 ప్రపంచకప్ సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 94 కొట్టాడు. గొంగడి త్రిష కోసం వాళ్లింట్లో భద్రాచలం వదిలి సికింద్రాబాద్ వచ్చేశారు. తిలక్ వర్మని కోచ్ తన స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని రోజూ తీసుకెళ్లేవారు. నరసరావుపేటలో కూర్చుని అన్నీ కావాలంటే కుదరదండీ. వెళ్లే ధైర్యం ఉంటే ఇప్పుడే వెళ్లండి.

మ్యాటింగ్ రోజులు | సోమవారం, మధ్యాహ్నం 2:30

వాళ్ల త్యాగం ముందు చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ తమ్ముడూ, ఉద్యోగం మానేసి, ఇల్లు అమ్మేసి, కొడుకు అండర్-16 జిల్లా జట్టుకి కూడా రాని నాన్నల గురించి ఏ పేపరూ రాయదు. నాకు అలాంటివాళ్లు ముగ్గురు తెలుసు. ఒకాయన ఇప్పుడు కొడుకుతో మాట్లాడడు. ఆ అబ్బాయికి ఇరవై రెండేళ్లు, ఇంటర్ కూడా పూర్తి కాలేదు.

టైం దాటిపోతుందన్న మాట కూడా అబద్ధమే. సిరాజ్ ఆటో నడిపే ఇంటి నుంచి వచ్చాడు, టెన్నిస్ బాల్ ఆడుతూ పెరిగాడు. రంజీలో అడుగుపెట్టింది 2015లో, 21 ఏళ్లకు. పన్నెండేళ్లకే టైం దాటిపోతుందని ఆయన విషయంలో ఎవరైనా అని ఉంటే ఏమయ్యేది?

సీమ స్పిన్నర్ | సోమవారం, సాయంత్రం 7:10

ఇంతకీ మీవాడు బ్యాట్స్‌మనా, బౌలరా? చెప్పనేలేదు.

లెగ్ స్పిన్, అంటే మణికట్టుతో తిప్పే బంతి, వేస్తాడంటే మాత్రం ఇంకో సమస్య. పిల్లల మ్యాచ్‌ల్లో లెగ్ స్పిన్నర్‌కి ఒక్క ఓవరే. రెండు సిక్సర్లు పడితే కెప్టెన్ తీసేస్తాడు, బయట నుంచి కోచ్ కూడా తీసేయమనే అరుస్తాడు. నెట్స్‌లో ఎంత తిప్పినా ఫీల్డ్ పెట్టుకోవడం, సిక్సర్ తిన్న తర్వాత బంతి పట్టుకుని వెనక్కి నడవడం అక్కడ రావు. ఈ కారణంతోనే మా జిల్లాలో ఎందరో పిల్లలు మణికట్టు స్పిన్ వదిలేసి ఫ్లాట్‌గా వేసే ఆఫ్ స్పిన్‌కి మారిపోయారు.

మా కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి చిన్నప్పుడు వేరే ఆటలు ఆడి, క్రికెట్‌లోకి ఆలస్యంగా వచ్చింది. 2025 మహిళల ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది. ఆ అమ్మాయి బంతిని గాల్లో వదిలే ధైర్యం చూసినప్పుడల్లా, ఏదో ఒక దశలో ఆమె చేతి నుంచి బంతి లాక్కోని కెప్టెన్ ఒకరు ఉండే ఉంటారు అనుకుంటాను.

నరసరావుపేట నాన్న | సోమవారం, రాత్రి 10:40

అందరికీ ధన్యవాదాలు. మావాడు మీడియం పేస్ వేస్తాడు, బ్యాటింగ్ కూడా చేస్తాడు. ఈ మధ్య స్పీడ్ పెంచాలని రోజూ గంటన్నర బౌలింగ్ చేయిస్తున్నారు. నడుం ఎడమవైపు లాగుతోందని రెండుసార్లు అన్నాడు. ఎదిగే వయసు కదా అని నూనె రాశాం.

ఇంకొకటి చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. అకాడమీలో ఒకరు పక్కకు పిలిచి, పుట్టిన తేదీ ఒక ఏడాదిన్నర ముందుకు జరిపించి వయసు తగ్గిస్తే అండర్-14లో ఇంకో రెండేళ్లు హాయిగా ఆడొచ్చు, సర్టిఫికెట్ సంగతి మేం చూసుకుంటాం అన్నారు. నేను ఏమీ మాట్లాడకుండా వచ్చేశాను.

కాకినాడ ఫిజియో | సోమవారం, రాత్రి 11:15

సార్, మిగతా చర్చ అంతా ఆగినా ఫర్వాలేదు, ఇది మాత్రం ముందు చదవండి. పెరిగే వయసులో బౌలింగ్ చేసే పిల్లాడికి నడుం ఒకవైపే నొప్పి వస్తోందంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వెన్నెముక కింది పూసల్లో ఎముకకు సన్నని పగులు వచ్చే అవకాశం ఉంది. ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగమనండి. అప్పుడు నొప్పి ఎక్కువైతే వెంటనే బౌలింగ్ ఆపించి, ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. నొప్పి రాకపోయినా చూపించండి. మొదట్లో మామూలు ఎక్స్‌రేలో ఇది కనపడకపోవచ్చు, ఎంఆర్ఐ అవసరమవుతుంది. తొందరగా పట్టుకుంటే కొన్ని నెలల విశ్రాంతితో అతుక్కుంటుంది. పట్టించుకోకుండా బౌలింగ్ చేయిస్తే జీవితాంతం వేధిస్తుంది.

పన్నెండేళ్ల వాడు గంటన్నర బౌలింగ్ చేయడమా! ఇంగ్లండ్ బోర్డు మార్గదర్శకాల్లో అండర్-13 ఫాస్ట్ బౌలర్‌కి ఒక స్పెల్‌లో 5 ఓవర్లు, రోజుకి మొత్తం 10 ఓవర్లు అని పరిమితి పెట్టారు. నెట్స్‌లో వేసిన బంతులు కూడా ఆ ఎముకలకు బంతులే. మీవాడి నోట్‌బుక్‌లో బ్యాటింగ్ బంతులతో పాటు వేసిన బంతులు కూడా రాయించండి. నా దగ్గరకొచ్చే పిల్లల్లో ఎవరి దగ్గరా ఆ లెక్క లేదు. అడిగితే "చాలా వేశానంకుల్" అంటారు, అంతే.

స్కోరర్ బాబాయ్ | మంగళవారం, ఉదయం 9:05

నరసరావుపేట నాన్న గారూ, మీరు ఏమీ మాట్లాడకుండా వచ్చేశానన్నారు. మంచి పని చేశారు, ఇక ఆ మనిషి దగ్గరకు మళ్లీ వెళ్లకండి.

ఇరవై ఏళ్లుగా జిల్లా మ్యాచ్‌లకు స్కోర్ రాస్తున్నాను. అండర్-14 మ్యాచ్‌లో మీసాలు వచ్చిన వాళ్ల బౌలింగ్‌ని ఎదుర్కొంటూ భయంతో లెగ్ సైడ్‌కి జరిగిపోయే చిన్నపిల్లల్ని ఎందర్నో చూశాను. ఆ పిల్లల స్కోర్ల పక్కన నేను సున్నాలు రాశాను. అది వాళ్ల తప్పు కాదని స్కోర్ షీట్‌లో రాయడానికి చోటుండదు.

మన క్రికెట్ బోర్డు అండర్-16 అబ్బాయిలకు ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి టీడబ్ల్యూ3 పద్ధతిలో ఎముకల వయసు లెక్కిస్తుంది. సర్టిఫికెట్ ఏం చెప్పినా అక్కడ బయటపడుతుంది. దొరికితే రెండేళ్ల నిషేధమని 2020లోనే చెప్పారు. 2015 పటౌడీ స్మారక ప్రసంగంలో రాహుల్ ద్రావిడ్ మాట్లాడింది కూడా దీని గురించే. వయసు దాచి ఆడించడం ఫిక్సింగ్ లాంటి మోసమేనన్నది ఆయన మాటల సారాంశం. పన్నెండేళ్ల పిల్లాడికి మొదట నేర్పేది అబద్ధమైతే, ఆ తర్వాత కవర్ డ్రైవ్ ఎంత బాగా నేర్పి ఏం లాభం?

ఆ పరీక్షతో కూడా ఒక చిక్కుంది. కొందరు పిల్లలకు నిజంగా వయసు సరైనదే అయినా ఎముకలు తొందరగా ఎదుగుతాయి. వాళ్లకు అన్యాయం జరగకూడదని 2025లో బోర్డు రెండో పరీక్షకు వీలు కల్పించాలని నిర్ణయించింది. మంచిదే.

ఓరుగల్లు అమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 3:20

అందరూ అబ్బాయిల గురించే మాట్లాడుతున్నారు. మా పాపకు పదకొండేళ్లు, వికెట్ కీపర్. మా దగ్గర అమ్మాయిలకు విడిగా టీం లేదు, అబ్బాయిలతోనే ఆడుతుంది. దానికి అదేం ఇబ్బంది కాదు. ఇబ్బంది ఏంటంటే గ్రౌండ్‌లో బాత్రూం లేదు. పొద్దున ఏడింటికి మ్యాచ్ అంటే ఆరింటి నుంచి నీళ్లు తాగడం మానేస్తుంది. మే నెల ఎండలో కీపింగ్ చేస్తూ నీళ్లు తాగని పిల్లను చూస్తే తల్లిగా నాకు ఎలా ఉంటుందో ఆలోచించండి. పోయిన వేసవిలో కళ్లు తిరిగి పడిపోయింది. అప్పటినుంచి దగ్గర్లో ఉన్న ఒక ఇంటివాళ్లను బతిమాలి తీసుకెళ్తున్నా.

త్రిష 2025 అండర్-19 టీ20 ప్రపంచకప్‌లో స్కాట్లాండ్ మీద 110 కొట్టి నాటౌట్‌గా నిలిచింది, ఆ టోర్నీ చరిత్రలోనే అది తొలి సెంచరీ. ఆ రోజు మా కాలనీలో ఐదుగురు అమ్మాయిలు నేర్పించమని మా పాప దగ్గరకొచ్చారు. ఇప్పుడు ఇద్దరే వస్తున్నారు. మిగతా ముగ్గురి ఇళ్లల్లో వద్దన్నది ఆట గురించి కాదు, గ్రౌండ్ గురించి. బోర్డు 2022-23 నుంచి అమ్మాయిలకు అండర్-15 టోర్నీ పెట్టింది. సంతోషం. అక్కడిదాకా పిల్ల చేరాలంటే కింద ఒక బాత్రూం, ఒక తలుపు, ఆ తలుపుకి గడియ కావాలి.

వైజాగ్ నెట్స్ | మంగళవారం, సాయంత్రం 5:50

అమ్మా, మీరు చెప్పింది చదివాక మా గ్రౌండ్ గుర్తొచ్చింది. మా దగ్గర బాత్రూం ఉంది కానీ తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. అమ్మాయిలు వెళ్లి ఆయన్ని అడగాలి. రేపటి నుంచి ఆ తాళం చెవి నా దగ్గర కాదు, మా సీనియర్ అమ్మాయి దగ్గరే ఉంటుంది.

డాలస్ కవర్ పాయింట్ | బుధవారం, ఉదయం 8:30

నేను అమెరికా నుంచి రాస్తున్నా. మాది తణుకు, ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్లైంది. ఇక్కడ కూడా మన పిల్లలు తెగ ఆడుతున్నారు. 2023 అండర్-19 అమ్మాయిల ప్రపంచకప్‌లో అమెరికా కెప్టెన్ గీతిక కొడాలి, పేరు చూస్తేనే తెలుస్తుంది కదా. స్కూల్‌లో క్రికెట్ ఉండదు, ఖర్చంతా తల్లిదండ్రులదే. గ్రౌండ్‌కి నలభై నిమిషాలు కారు నడపాలి.

కానీ ఒక్కటి ఇక్కడ నయం. శనివారం, ఆదివారం అంటే మ్యాచే. మ్యాట్ పరిచేది నాన్నలు, స్కోర్ రాసేది అమ్మలు, అంపైరింగ్ వంతులవారీగా. ఎవరికీ జీతం లేదు. మా అబ్బాయికి పోయిన సీజన్‌లో ముప్పై దాకా మ్యాచ్‌లు వచ్చాయి. వాడి టెక్నిక్ మన గుంటూరు పిల్లల ముందు దేనికీ పనికిరాదు, కానీ పరుగు ఎప్పుడు తీయాలో, ఎప్పుడు వద్దనాలో వాడికి తెలిసిపోయింది.

ఆస్ట్రేలియాలో చేసిన పద్ధతి కూడా చూడండి. చిన్నపిల్లలకు పిచ్ 22 గజాలు (సుమారు 20 మీటర్లు) కాకుండా 16 మీటర్లు, తర్వాతి దశలో 18 మీటర్లు. జట్టుకి ఏడుగురో తొమ్మిదిమందో. క్రికెట్ నియమాల్లోనే అండర్-13కి బంతి కూడా చిన్నది, 133 నుంచి 144 గ్రాములు. మన దగ్గర పదేళ్ల పిల్లాడి చేతికి కూడా పెద్దవాళ్ల 156 గ్రాముల బంతే ఇస్తాం. అది అవతలి వికెట్ దాకా చేర్చడానికే నడుమంతా మెలితిప్పేస్తాడు. ఫిజియో గారు చెప్పిన నొప్పులు అక్కడే మొదలవుతాయేమో అనిపిస్తుంది.

కాకినాడ ఫిజియో | బుధవారం, ఉదయం 9:10

బరువు బంతి ఒక్కటే కారణం అనలేం. కానీ తోడవుతుంది, నిజమే.

వైజాగ్ నెట్స్ | బుధవారం, రాత్రి 9:00

నరసరావుపేట నాన్న గారికి నాదొక సలహా. అకాడమీ వాళ్లు మ్యాచ్‌లు పెట్టేదాకా ఆగకండి. మీ ఊళ్లో, చిలకలూరిపేటలో, సత్తెనపల్లిలో పిల్లలు ఉన్నారు కదా. జట్టుకి ఎనిమిదిమంది చాలు. ఇద్దరిద్దరు జంటగా బ్యాటింగ్‌కి దిగాలి. ప్రతి జంటకీ నాలుగు ఓవర్లు, అవుటైనా ఆట ఆగదు, జట్టు స్కోరులోంచి ఐదు పరుగులు కోత. ప్రతి ఒక్కరూ రెండేసి ఓవర్లు వేయాలి, కీపర్ వంతు వస్తే ప్యాడ్లు ఇంకొకరికి. ఎనిమిదో నంబర్ అనేదే ఉండదు. మూడు గంటల్లో అయిపోతుంది. స్కూల్ గ్రౌండ్ చాలు. అమ్మానాన్నలు బౌండరీ అవతల, నోరు మూసుకుని కూర్చోవాలి. ఈ చివరి రూల్ అన్నింటికంటే ముఖ్యం.

బెజవాడ బ్యాక్‌ఫుట్ | బుధవారం, రాత్రి 9:25

ఇది బాగుంది. కానీ ఇలాంటి ఆటలో సెలెక్టర్లు చూడరు కదా సార్. పెద్ద ఊరు వెళ్లక తప్పని రోజు వస్తుంది, అది మాత్రం నిజం.

వైజాగ్ నెట్స్ | బుధవారం, రాత్రి 9:40

వస్తుంది బాబూ, కాదనను. జిల్లా ట్రయల్స్‌లో నాలుగు బంతులు చూసి పిల్లాణ్ని పంపేసే పద్ధతి మారాలని నేనూ కొట్లాడుతున్నాను. ఆ రోజు వచ్చేసరికి వాడు ఒక వంద ఇన్నింగ్స్ ఆడి ఉండాలి, చదువు చేతిలో ఉండాలి, నడుం బాగుండాలి. అప్పుడు వెళ్లమనండి, నేనే మా పరిచయాలున్న చోట మాట్లాడతాను.

నరసరావుపేట నాన్న | నాలుగు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. ఆలస్యమైనందుకు క్షమించండి. ముందు ఆరోగ్యం సంగతి. ఎంఆర్ఐ తీయించాం. పగులు ఇంకా రాలేదు, కానీ ఆ చోట ఎముక ఒత్తిడికి గురైందన్నారు. మూడు నెలలు బౌలింగ్ వద్దు, తర్వాత మళ్లీ చూపించమన్నారు. బ్యాటింగ్ మాత్రం నొప్పి లేనంతవరకు మెల్లగా చేయొచ్చని డాక్టర్ గారే చెప్పారు. ఫిజియో సార్, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు. హైదరాబాద్ పంపట్లేదు. ఆ అకాడమీ కూడా మాన్పించేశాం.

ఈ రోజు మొదటి ఆట పెట్టాం. మా ఊరి పిల్లలు ఎనిమిది మంది, చిలకలూరిపేట నుంచి ఎనిమిది మంది. అందులో ఇద్దరు అమ్మాయిలు. ఓరుగల్లు అమ్మ గారి మాట గుర్తుంచుకుని స్కూల్ హెడ్‌మాస్టర్ గారిని ముందే అడిగి టాయిలెట్ తాళం తీయించాను. మావాడి రెండు ఓవర్లు ఇంకొకరు వేశారు. వాడు ఒక జంటలో బ్యాటింగ్ చేశాడు, బౌండరీ దగ్గర క్యాచ్ ఒకటి వదిలేశాడు. నేను నోరు తెరవబోయి, చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

ఇంటికొచ్చాక నోట్‌బుక్ తీశాడు. ఇలా రాశాడు: "13 బంతులు. 9 పరుగులు. ఒకసారి రనౌట్, తప్పు నాదే, నేనే పిలిచాను. క్యాచ్ సూర్యుడి వల్ల కాదు, ముందే కదల్లేదు. వేసిన బంతులు 0."

వచ్చే ఆదివారం చిలకలూరిపేటలో ఆట. మ్యాట్ వాళ్లు తెస్తారు. మేకులు, సుత్తి మేం తీసుకెళ్లాలి. సత్తెనపల్లి వైపు పిల్లలు ఎవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి, వాళ్లకి ఇంకా ముగ్గురు తక్కువయ్యారు.